రోలుకి ఎనిమిది

జూన్ 4

అత్తయ్యా,

నువ్వు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు. ఎలా ఉన్నావు, ఆరోగ్యం ఎలా ఉంది అని అడగను. అలా అడిగేవాళ్ళెవరూ జవాబు కోసం ఆగరు. సూటిగా చెబుతున్నాను: నాకు నీ కెమెరా కావాలి.

నేను ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బైండింగ్ పని చేస్తున్నాను. మడతలు, కుట్లు, అట్టలు. మా హాల్లో ఒక కటింగ్ మెషిన్ ఉంది. అయిదొందల కాయితాల దొంతరని ఒక్క దెబ్బకి కోస్తుంది. చేతులు కత్తి కిందికి పోకుండా ముందర ఒక ఇనప రేకు ఉండాలి. దాన్ని గార్డు అంటారు. నేను చేరి పది నెలలైంది, ఆ గార్డు మొహం నేనెప్పుడూ చూడలేదు. పోయిన నెల దాని మీద పనిచేసే కొలత బాబాయి ఎడమచేతి రెండు వేళ్ళు పోయాయి. స్కేలు పెట్టకుండానే అంగుళాలు చెప్పేస్తాడని ఆయనకా పేరు. గార్డు ఎప్పుడూ బిగించే ఉందట, ఆ రోజు ఆయనే తొందరపడి ఊడదీశాడట. మా మేనేజరు అలా రాసి, నిర్లక్ష్యం అని కాయితం చేతిలో పెట్టి, ఆయన్ని ఇంటికి పంపేశాడు. జులై 20న ఫ్యాక్టరీల తనిఖీ అధికారి దగ్గర విచారణ. మా మాట సాక్ష్యం కాదట, స్నేహం కొద్దీ చెబుతున్నామట.

ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసి లోపలికి వెళ్ళాలి. అయినా ఫోను ఫొటోని ఎవరైనా ఎలాగైనా మార్చేయగలరు. ఫిల్ము అబద్ధమాడదు. ఈ మాట నేనొక పదహారు పేజీల పుస్తకంలో చదివాను. దాన్ని కుట్టింది కూడా నేనే.

బీరువా అడుగున ఒక పాత ఫొటో దొరికింది. అందులో నీ మెడలో ఇటుకంత కెమెరా ఉంది. ఇదెవరని నాన్నని అడిగితే "ఎవరో ఫొటోగ్రాఫర్" అన్నాడు, సొంత చెల్లెల్ని పట్టుకుని. నీ అడ్రసు ఆయన పాత డైరీలోంచి దొంగిలించాను. ఫోన్ నంబరు పంపితే మాట్లాడతాను.

నీ మేనకోడలు


జూన్ 9

అగ్గిపెట్టెకి,

ఆ పేరు నీకు అయిదేళ్ళప్పుడు నేనే పెట్టాను. ఉత్తరం చదివాక మార్చాల్సిన పని లేదనిపించింది.

ఫోన్ వద్దు. మన ఇంటివాళ్ళు ఫోన్లో అరిస్తే నాకు రెండ్రోజులు చెవిలోనే ఉంటుంది. కాయితం మీద అరవాలంటే అక్షరం అక్షరం రాయాలి కదా, మధ్యలో ఎక్కడో చల్లబడతారు.

కెమెరా పార్శిల్లో వస్తోంది, మూడు ఫిల్ము రోళ్ళతో. నేనిప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో ఉన్నాను. పొద్దుట్నించి సాయంత్రం దాకా "ఇది బాగుందా, అది బాగుందా" అని అద్దాలు మార్చి అడగడమే నా పని. ఆ కెమెరా పదకొండేళ్ళుగా అలమరలో పడుకుని ఉంది. షట్టరు విదిలించి చూశాను, ఇంకా తుమ్ముతోంది.

దాని ఫిల్ము వెడల్పు. ఒక్కో నెగెటివ్ అరచేతిలో సగం ఉంటుంది. అందుకే రోలుకి ఎనిమిదే. తొమ్మిదోది కావాలని ఏడిస్తే రాదు. వెలుతురు కొలిచే మీటరు లేదు, ఫిల్ము డబ్బా మీద ఎండా మబ్బూ బొమ్మలుంటాయి, వాటిని నమ్ము. హాల్లో వెలుతురు తక్కువైతే స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి నొక్కు.

ఫోకస్ సంగతి. కెమెరా పైన ఉన్న చిన్న కిటికీలోంచి చూస్తే మధ్యలో పసుపుపచ్చ మచ్చ కనిపిస్తుంది. అందులో ప్రతిదీ రెండుగా ఉంటుంది, మనిషి పక్కన మనిషి దెయ్యం ఉన్నట్టు. లెన్సు చుట్టూ ఉన్న కట్టు తిప్పుతూ ఉండు. రెండూ ఒకటైన చోట ఆగు. తలుపు అంచులాంటి నిలువు గీతల మీద తేలిగ్గా కుదురుతుంది. మొహాల మీద కష్టం, బుగ్గకి అంచు ఉండదు కదా. ఇంకోటి, నువ్వు చూసేది ఆ కిటికీలోంచి, బొమ్మ పడేది లెన్సులోంచి. రెండూ వేరు. ఇది మర్చిపోకు.

రోలు నువ్వు కడిగించకు, నాకు పంపు. నా స్నానాలగది ఇప్పటికీ చీకటి చెయ్యొచ్చు.

మీ నాన్నకి ఈ కెమెరా చూపించకు.

అత్తయ్య


జూన్ 17

అత్తయ్యా,

రోలు జతచేశాను. అన్నం గిన్నె మీద తువ్వాలు కప్పి, దాని కింద కెమెరా పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. గేటు మనిషి "ఏంటమ్మా ఇంత బరువు" అంటే "ఆకలి" అన్నాను.

షట్టరు అసలు వినపడలేదు. పక్కన కుట్టుమెషిన్ కొడుతుంటే నా చెవికే అనుమానం వచ్చింది. మధ్యాహ్నం వెలుతురు పై అద్దాల్లోంచి సరిగ్గా కటింగ్ మెషిన్ మీద పడుతుంది. పసుపు మచ్చలో రెండు కత్తులు ఒకటయ్యాయి. అంత తృప్తి నాకు ఏ సభలోనూ కలగలేదు. ఇవి ఎనిమిది ఫొటోలు కావు, ఎనిమిది నేరారోపణలు.

నాన్నకి ఎందుకు చూపించకూడదు? ఆయనంటే నీకంత చిన్నచూపా?

మేనకోడలు


జూన్ 21

అగ్గిపెట్టెకి,

ఎనిమిది నేరారోపణలూ కొట్టేయబడ్డాయి. ఫిల్ము ఈ చివర నుంచి ఆ చివర దాకా గాజులా ఖాళీగా ఉంది. అంచున కంపెనీ అక్షరాలు చక్కగా వచ్చాయి కాబట్టి ఫిల్ము కడిగే మందుల తప్పు కాదు.

మూత తీశావా?

అత్తయ్య


జూన్ 26

అత్తయ్య గారికి,

మూత ఉంటుందని మీరు రాయలేదు. కట్టు గురించి రాశారు, మచ్చ గురించి రాశారు, బుగ్గల అంచుల గురించి కూడా రాశారు. లెన్సు ముందు నల్లటి మూత ఉంటుందనీ, అది ఉన్నా పై కిటికీలోంచి లోకమంతా దివ్యంగా కనిపిస్తూనే ఉంటుందనీ ఒక్క ముక్క రాసుంటే ఒక వారం మిగిలేది. అది లెన్సులో భాగమనుకున్నాను. అనుకోవడం నా తప్పే. అది ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది.

రెండో రోలు పంపుతున్నాను, మూత లేకుండా తీసింది. మొదటి రెండూ ఖాళీ మెషిన్. మూడోది హాలంతా, వెనక గోడదాకా. నాలుగు, అయిదు, ఆరు గుండుసూది వదిన కాయితాలు కోస్తుండగా. నోట్లో ఎప్పుడూ నాలుగు సూదులు పెట్టుకుని ఉంటుంది, బాబాయిని ఇంటికి పంపేశాక ఆ మెషిన్ మీద ఆమెనే పెట్టారు. అయిదోదే నా ఆయుధం. వేళ్ళు కత్తి కింద, మొహం నేరుగా లెన్సులోకి. దాన్ని పెద్దది చేసి ఊరంతా గోడలకి అంటిస్తాను. ఏడోది బాగా రాలేదనుకుంటా. ఎనిమిదోది మిగిలిపోతే ఇంట్లో తీశాను. నాన్న రేడియో విప్పుకుని కూర్చున్నాడు, వెనక నుంచి.

ఆయన సంచిలో కెమెరా చూసేశాడు. వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, అయిదు నిమిషాలకి మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు. కోపమనుకుంటాను.

మేనకోడలు


జులై 2

అగ్గిపెట్టెకి,

నీకు కోపం వస్తే "మీరు" అంటావని తెలిసింది. మీ నాన్న కూడా అంతే.

రోలు బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది, నేను మెచ్చుకోవడంలో పిసినారిని. ఏడు అచ్చులు పంపుతున్నాను. అయిదోది వెయ్యలేదు. ఆమెని అడిగి తీశావా?

నెగెటివ్ పెద్దది కదా, భూతద్దం పెట్టుకుంటే మీ హాల్లో తిరిగినట్టే ఉంది. మొన్న సాయంత్రమంతా తిరిగాను. గడియారం ఏడు నిమిషాలు ముందుకు ఉందా, లేక నువ్వు భోజనానికి ముందే మొదలెట్టావా? కిటికీ పక్కన చెప్పు ఒక్కటే ఎందుకుంది? మూడో ఫ్రేములో వెనక గోడకి జిగురు డబ్బాలు పెట్టిన అర ఉంది చూడు. మిగతా అరలన్నీ చెక్కవి, అదొక్కటే ఇనప రేకు. దాని ముందు అంచున ఒక చీటీ అంటించి ఉంది: అర 14, కింద సంతకం, నిరుడు మార్చి తేదీ. రేకుకి ఆ చివరా ఈ చివరా బోల్టు కన్నాలున్నాయి. అరకి కన్నాలెందుకు?

ఎనిమిదోది. మీ నాన్న మెడ వెనక ఆ కాలిన మచ్చ అలాగే ఉంది. ఇస్త్రీపెట్టెతో నేనే పెట్టాను, నాకు ఆరేళ్ళప్పుడు. ఆయన అమ్మకి చెప్పలేదు.

అత్తయ్య


జులై 6

అత్తయ్య గారికి,

ఇంకో పధ్నాలుగు రోజుల్లో విచారణ. ఒక మనిషికి రెండు వేళ్ళు లేవు. మీరేమో గడియారం గురించీ చెప్పుల గురించీ జిగురు డబ్బాల గురించీ అడుగుతున్నారు. అరకి కన్నాలెందుకో నాకు తెలియదు. మీకు రేకు కావలిస్తే పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళండి.

నాకు అయిదో ఫ్రేము కావాలి. అది నేను తీసింది. దాన్ని ఆపే హక్కు మీకెవరిచ్చారు? యాజమాన్యం కాయితాలు తొక్కిపెడుతుంది, మీరు ఫిల్ము తొక్కిపెడుతున్నారు, తేడా ఏమిటి? ఆమెని అడగలేదు. చరిత్ర ఎవరినీ అడిగి ఫొటో తీయదు. ఆమె మంచి కోసమే కదా తీసింది.

రోజంతా ఇది బాగుందా, అది బాగుందా అని అడిగి అడిగి మీకు ఏది బాగుందో తేల్చుకునే శక్తి పోయినట్టుంది. నాన్న మీ పేరెందుకు ఎత్తడో ఇప్పుడు అర్థమైంది.

సంతకం పెట్టడం లేదు.


జులై 10

అగ్గిపెట్టెకి,

అయిదో నెగెటివ్ ఇందులో ఉంది. అంచులు పట్టుకో, వేలిముద్రలు పడతాయి. నీది నీకు ఇచ్చేశాను కాబట్టి ఇప్పుడు చెప్పేది బేరం కాదు.

పదకొండేళ్ళ కిందట నేను ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేదాన్ని. మీ నాన్న ఒక గోదాములో. వాళ్ళు సమ్మె చేసి గేటు ముందు కూర్చున్నారు. నేను ఇదే కెమెరాతో వెళ్ళి ఒక రోలు తీశాను. ఆరోది చాలా బాగా వచ్చింది. నలభైమంది ఉన్నారు, ప్రతి మొహం తేటగా తెలుస్తోంది, ఎవరు గడ్డం గీసుకోలేదో కూడా. నాకు గర్వమేసింది. పెద్దది చేసి స్టూడియో ముందు అద్దాల్లో వేలాడదీశాను. ఎవరూ దొంగిలించలేదు. నేనే వేలాడదీశాను.

గోదాము వాళ్ళ మనిషి పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చాడు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక కాపీ కావాలన్నాడు, మా ఓనరు ఇచ్చాడు. వారం తరవాత ఆ కాపీ నేను చూశాను. తొమ్మిది తలల చుట్టూ ఎర్ర పెన్సిలు సున్నాలు. తొమ్మిదిమందీ మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. మధ్యలో సున్నా మా అన్నది.

నువ్వు రాసింది నిజం, ఫిల్ము అబద్ధమాడలేదు. ఎవరడిగినా నిజమే చెప్పింది.

మీ ఇంటికి ఏ మొహంతో రావాలో తెలియలేదు. కెమెరా చూస్తే ఆయనకి ఆ గేటు గుర్తొస్తుందని చూపించొద్దన్నాను. చిన్నచూపు కాదు.

నీ అయిదో ఫ్రేము చూస్తే, గార్డు లేని మెషిన్ మీద ఒక ఆడమనిషి పనిచేస్తోంది. మీ మేనేజరు దాన్నే చూపించి, ఈవిడే ఊడదీసింది, మేం వద్దన్నాం అంటే నువ్వేం చేస్తావు? తెలిసి అడగడం లేదు. నాకూ తెలియకే అడుగుతున్నాను.

అత్తయ్య


జులై 15

అత్తయ్యా,

చాలా ఉంది, వరసలో చెబుతాను.

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా నీ మీద కోపంగా ఉన్నాను. రెండోరోజు ఎవరి మీదో తెలియలేదు. మూడోరోజు భోజనాల వేళ నెగెటివ్ పట్టుకుని గుండుసూది వదిన దగ్గరికి వెళ్ళాను. ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"నా మొహం ఎందుకమ్మా? మెషిన్‌కి మొహం లేదా?"

"మనిషి ఉంటేనే జనం కదులుతారు వదినా. ఇది మనందరి కోసం."

"సరే. రేపు నన్ను తీసేస్తారు. నువ్వు నీ కరపత్రంలో నా మీద నాలుగు లైన్లు రాస్తావు. పొద్దున్నే నా పిల్లకి తిండికి బదులు ఆ నాలుగు లైన్లు చదివి వినిపించనా?"

నా దగ్గర జవాబుల పుస్తకాలు ఇరవైదాకా ఉన్నాయి. దీనికి జవాబు ఏ పేజీలోనూ లేదు. ఆమె నన్ను తిట్టలేదు కూడా, అదే ఎక్కువ బాధ. ఫొటో బయటపెట్టనని మాటిచ్చాను. సిగ్గు కప్పుకోవడానికి ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మా అత్తయ్య ఉంది, ఆవిడకి ఇవేమీ పట్టవు, ఆ జిగురు డబ్బాల కింద రేకుకి కన్నాలెందుకని అడుగుతుంది" అన్నాను.

వదిన నవ్వబోయి ఆగింది. "ఏ కన్నాలు?"

ఇద్దరం వెళ్ళి డబ్బాలు దించాం. రేకు మీద జిగురు వలయాలు పొరలు పొరలుగా గట్టిపడి ఉన్నాయి. తిప్పి చూస్తే అడుగున పాత ఆకుపచ్చ రంగు, మా మెషిన్ రంగు. వదిన దారంతో కన్నానికీ కన్నానికీ మధ్య దూరం పట్టి మెషిన్ మీద పెట్టి చూసింది. సరిపోయింది. సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్ళి, ఏమీ చెప్పకుండా, "గార్డు పొడుగెంత ఉండేది బాబాయ్" అన్నాను. ఆయన కట్టు కట్టిన చెయ్యి గాల్లోకి ఎత్తి, కళ్ళు మూసుకుని, "ఇరవై ఆరున్నర" అన్నాడు. మర్నాడు కొలిచాను. ఇరవై ఆరున్నర.

గార్డుని అరగా మార్చి, నంబరు వేసి, చీటీ మీద నిరుడు మార్చిలో సంతకం పెట్టింది యాజమాన్యమే. నువ్వు రెండో తారీఖునే చెప్పావు. నేను పాత ఇనప కొట్టుకి పొమ్మన్నాను. క్షమించు అనే మాట నాకు చేతకాదు, నేర్చుకుంటున్నాను.

మూడో ఫ్రేములో ఆ భాగం పెద్దది చేసి, నెగెటివ్‌తో సహా 19లోపు అందేలా పంపు. అర దగ్గరగా తీద్దామని మళ్ళీ వెళ్ళాను. రేకు లేదు. ఎవరో మమ్మల్ని చూసినట్టున్నారు. డబ్బాలు కొత్త చెక్క మీద ఉన్నాయి. ఆ రేకు ఇప్పుడు నీ స్నానాలగదిలోనే ఉంది.

ఇక నాన్న. నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. నీ అనుమతి అడగలేదు, ఈ ఒక్కసారికి. రెండుసార్లు చదివాడు. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఆ రోజు నేను మొదట మధ్యలో లేను," అన్నాడు. "అంచున ఉన్నాను. చెల్లి వెనక్కి వెనక్కి నడుస్తూ అందరూ ఫొటోలో పట్టేలా చూస్తోంది, నా మొహం సగం తెగిపోతుందని తెలుస్తోంది. నేనే లేచి మధ్యకొచ్చి కూర్చున్నాను. నా చెల్లెలు తీస్తుంటే నేను లేకపోతే ఎలా?"

"మరి ఇన్నేళ్ళూ?"

"అది రావడం మానేసింది. పని పోయిన అన్న, నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ కాబోలు అనుకున్నాను. వద్దనుకున్నవాళ్ళని మనం మాత్రం ఎవరో అనక ఏమంటాం?"

చేతులు రెండుసార్లు ఎందుకు కడుక్కున్నాడో కూడా అడిగాను. గ్రీజు చేతులతో కెమెరా ముట్టుకోకూడదు కదా అన్నాడు. నేను లేనప్పుడు తీసి చూశాడట.

మీ అన్నాచెల్లెళ్ళకి ఎవరైనా పసుపు మచ్చ ఒకటి బిగించాలి.

నీ మేనకోడలు


జులై 21

అత్తయ్యా,

అచ్చు 18నే అందింది. తలుపంత చేశావు, మడతపెట్టలేక దుప్పటిలో చుట్టి తీసుకెళ్ళాను.

మేనేజరు మొదట అసలు అలాంటి రేకే లేదన్నాడు. ఫొటో విప్పాక, అది ఇప్పటి కంప్యూటర్లతో చేసిన బొమ్మ అన్నాడు. నేను నెగెటివ్ టేబుల్ మీద పెట్టాను. అధికారి దాన్ని కిటికీకి ఎత్తి చూశాడు, తరవాత అచ్చు మీదికి వంగి చదువుకునే అద్దాలు పెట్టుకుని, "అర పద్నాలుగు. ఈ సంతకం ఎవరిది?" అన్నాడు. ఎదురుగా ఉన్న ఫైల్లో బాబాయిని ఇంటికి పంపిన కాయితం ఉంది. దాని కింద సంతకం పక్కన ఫొటో పెట్టి చూసుకున్నాడు. మేనేజరు కుర్చీలో కదిలాడు.

బాబాయి మీద రాసింది కొట్టేశారు. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ పనిలోకి, కొలతలు సరిచూసే బల్ల దగ్గర. ఇవాళ మెషిన్‌కి కొత్త గార్డు బిగించారు. మేనేజరుకి ఏమవుతుందో "పైవాళ్ళు చూస్తారు" అట. ఆ మాట విని అక్కడే ఒక ఉపన్యాసం మొదలెట్టాను. బాబాయి మంచి చేత్తో నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

అయిదో నెగెటివ్ వదినకే ఇచ్చేశాను. ట్యూబులైటుకి ఎత్తి చూసుకుంది. "జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా ఉన్నాయేంటి, నేనా ఇది" అంది. జాకెట్టులో దాచుకుంది.

మూడో రోలు పంపుతున్నాను. ఏడు ఏవేవో తీశాను, అడిగి తీసినవి. ఎనిమిదోది నాన్న. తనే వచ్చి, "ఒకటి మిగిలిందా? ఆవిడకి పంపు" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాడు. కదలొద్దు నాన్నా అన్నాను. "పదకొండేళ్ళ నుంచీ అదే కదా చేస్తున్నాను" అన్నాడు.

నీ మేనకోడలు


జులై 26

అగ్గిపెట్టెకి,

ఏడూ బాగున్నాయి. ఎనిమిదోది ఫోకస్ తప్పింది.

తలుపు అంచు మీద కుదిర్చావు, నేను చెప్పిన తేలిక దారి. గొళ్ళెం, దాని మేకు, చెక్కలో పగులు అన్నీ లెక్కపెట్టొచ్చు. దాని ముందు రెండడుగుల దూరంలో ఉన్న మా అన్న మాత్రం మసక. నవ్వుతున్నాడో, ఎండకి కళ్ళు చిట్లించాడో తెలియడం లేదు. భూతద్దంతో చూశాను. దుకాణానికి తీసుకెళ్ళి నాలుగు రకాల అద్దాలు మార్చి చూశాను. ఇది బాగుందా, అది బాగుందా అని నన్ను నేనే అడిగాను. జుట్టు తగ్గిందని మాత్రం తేలింది.

ఇది ఉత్తరాల్లో తేలేది కాదు. ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను, రెండు రోళ్ళు తెస్తున్నాను. మీ నాన్నకి ముందు చెప్పకు, చెబితే మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడతాడు. మామూలుగా రేడియో విప్పుకుని కూర్చోనీ. ఈసారి మొహం మీద నేను కుదురుస్తాను, ఎంతసేపు పట్టినా సరే.

నువ్వు మూత తీసి ఉంచు.

అత్తయ్య